చెక్కకు నిప్పే రక్ష

పిల్లలూ! చెక్కను కాలిస్తే బూడిద అవుతుందని మీకు తెలుసు. కాని చెక్కగోడ చెడిపోకుండా ఉండాలని దాన్ని కాల్చేవాళ్ళున్నారంటే నమ్ముతారా?

జపానులో సుగి అనే చెట్టు ఉంది. దాని పలకలను ఇంటి గోడలకు బయటివైపున బిగిస్తారు. చెక్క ఎండకు వన్నె తగ్గుతుంది, తడి ఆరకపోతే బూజుపట్టి కుళ్ళుతుంది, పురుగులు తొలుస్తాయి. అందుకని మూడు పలకలను గొట్టంలాగా కట్టి నిలబెట్టి, అడుగున నిప్పు పెడతారు. పొగగొట్టంలో మాదిరి మంట పైకి లేస్తుంది. కొద్ది నిమిషాలలో లోపలివైపు నల్లబడుతుంది. వెంటనే పలకలు విప్పి నీళ్ళు పోస్తారు.

ఆ నల్లని వైపే ఎండకూ వానకూ ఎదురుగా ఉంచుతారు. పై పొర బొగ్గయింది గదా! బొగ్గులో బూజుకూ పురుగుకూ తిండి ఉండదు. అది తొందరగా మంట అంటుకోదు కూడా. ఈ పద్ధతి పేరు "యాకిసుగి". పాతదే అయినా, 2007 లో తెరునోబు ఫుజిమోరి అనే వాస్తుశిల్పి నగానోలో కట్టిన కొత్త ఇంటికి ఇలాంటి పలకలే వాడాడు.

అయితే బొగ్గుపొర ఒక్కటే చాలదు. పలకల వెనక గాలి ఆడాలి. అడుగు నేలను తాకరాదు.

ఈసారి వాన వెలిశాక మీ ఇంటి తలుపులూ కిటికీలూ చూడండి. తడి ఎక్కడ ఆలస్యంగా ఆరుతున్నదో కనిపెట్టి పెద్దలకు చెప్పండి. చెక్క కుళ్ళటం అక్కడే మొదలవుతుంది. మీరు మాత్రం నిప్పు జోలికి వెళ్ళకండి!