అర్ధరాత్రి రోడ్లేస్తున్నారా?

సాయంత్రం కోచింగ్ అయ్యాక అమీర్‌పేట నుంచి బయటపడేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. బస్సు కదలదు, ఆటో కదలదు, ముందున్న బండి పొగంతా మీ ముఖానికే. ఎలాగో రూముకి చేరి, నాలుగు ముద్దలు తిని, మంచమెక్కి ఫోన్ తీస్తారు. తీసి ఏం ఆడతారు? ట్రాఫిక్ గేమే! పగలంతా విసిగించిన దాన్నే రాత్రి ఇష్టంగా నెత్తికెత్తుకుంటారు. ఇంట్లోవాళ్లు చూస్తే నవ్వొచ్చు, తిట్టొచ్చు కూడా. కానీ ఈ ఇష్టం వెనక ఓ మంచి కారణం ఉంది. కాస్త జాగ్రత్తపడాల్సిన కారణమూ ఉంది. ఉద్యోగ వేటలో ఉన్న మీకు రెండూ పనికొచ్చేవే.

మినీ మోటర్‌వేస్‌నే తీసుకోండి. న్యూజిలాండ్‌లోని డైనోసార్ పోలో క్లబ్ అనే చిన్న స్టూడియో దీన్ని తయారుచేసింది. 2019లో యాపిల్ ఆర్కేడ్‌లోకి, 2021లో కంప్యూటర్లకి వచ్చింది. తెర మీద ఒక ఎర్ర ఇల్లు, ఒక ఎర్ర భవనం కనిపిస్తాయి. రెండిటినీ కలుపుతూ వేలితో రోడ్డు గీస్తారు. కారు వెళ్తుంది, తిరిగొస్తుంది. ఓస్, ఇంతేనా అనుకుంటారు. కాసేపటికి ఒక నీలం ఇల్లు మొలుస్తుంది, దాని భవనమేమో నది అవతల. తర్వాత పసుపు రంగువి. ఏది ఎక్కడ వస్తుందో మీ చేతిలో లేదు. మీ దగ్గరున్న రోడ్డు ముక్కలు లెక్కే. ఆటలో వారం గడిస్తే ఇంకొన్ని ముక్కలిచ్చి, వంతెనో సిగ్నలో రౌండబౌటో ఎంచుకోమంటుంది. ఈలోగా భవనాల మీద పిన్నులు పేరుకుంటుంటాయి. వాటిని తీసుకెళ్లాల్సిన కార్లు ఎక్కడో జామ్‌లో ఇరుక్కుంటే, భవనం చుట్టూ గడియారంలాంటి వలయం నిండుతుంది. అది నిండిందా, ఆట ఖతం.

మామూలు మోడ్‌లో గెలుపనేదే లేదు. నగరం పెరుగుతూనే ఉంటుంది, ఎప్పుడో ఒకప్పుడు మీరు ఓడాల్సిందే. అయినా మళ్లీ మొదలుపెడతారు. ఎందుకు?

ఎందుకంటే అక్కడ మీకు కారణం కనిపిస్తుంది. ఓడిపోయిన మరుక్షణం మ్యాప్ మొత్తం కళ్లముందే ఉంటుంది. ‘ఆ మూడో వారంలో ఎర్ర కార్లనీ నీలం కార్లనీ ఒకే కూడలి మీదుగా పంపకుండా ఉండాల్సింది’ అని మీకే తెలిసిపోతుంది. తప్పు దొరికింది, దిద్దుకోవడానికి ఇంకో రౌండు ఉంది. ఎవరి సిఫార్సూ అక్కర్లేదు. గీసిన రోడ్డు బాగాలేదంటే చెరిపేయొచ్చు, ముక్కలు మళ్లీ చేతికొస్తాయి.

ఇప్పుడు మీ పగటి జీవితం గుర్తుచేసుకోండి. అప్లికేషన్ పెట్టారు, జవాబు లేదు. రాత పరీక్ష రాశారు, ఫలితం ఎప్పుడో తెలీదు. ఇంటర్వ్యూలో బాగా చెప్పాననుకున్నారు, ‘మళ్లీ తెలియజేస్తాం’ అన్న మాటతో సరి. ఎక్కడ పోయిందో ఎవరూ చెప్పరు. రాత్రి పన్నెండింటికి ఆ గేమ్ మిమ్మల్ని వదలకపోవడానికి అసలు కారణం ఇదే అంటాను. బద్ధకం అనడం తేలిక. చేసిన పనికి జవాబు కావాలన్న ఆకలి అది. పగలు దొరకని జవాబు పది సెకన్లలో దొరుకుతుంటే ఎవరు మాత్రం ఫోన్ పక్కన పెడతారు? అయితే, ఆకలి వేసిన ప్రతిసారీ చాక్లెట్ తింటే అన్నం సహించదు. ప్రమాదం అక్కడుంది.

ఆటలో కాస్త ముదిరినవాళ్లకి ఒక సంగతి అర్థమైపోతుంది. జామ్ కనిపించే చోటు వేరు, పుట్టే చోటు వేరు. భవనం ముందు పిన్నులు పేరుకుంటున్నాయని అక్కడ రోడ్డు మీద రోడ్డు వేస్తే ఏమీ ఒరగదు. నాలుగు కూడళ్ల వెనక ఎక్కడో రెండు రంగుల కార్లు ఒకదానికొకటి అడ్డుపడుతుంటాయి. అక్కడ విడదీస్తే ఇక్కడ దానంతటదే తేలికవుతుంది. ఇదే స్టూడియో అంతకుముందు చేసిన మినీ మెట్రోలోనూ ఇదే తంతు. మన హైదరాబాద్ మెట్రోలో సాయంత్రంపూట అమీర్‌పేట స్టేషన్లో తోపులాట చూస్తారు కదా, ఆ జనమంతా అమీర్‌పేటలో పుట్టినవాళ్లు కాదు. ఎర్ర లైనూ నీలం లైనూ కలిసేది అక్కడ కాబట్టి, ఎక్కడెక్కడి రద్దీ అంతా అక్కడ బయటపడుతుంది.

ఇంకో వింత కూడా ఉంది. రోడ్డు పెంచితే రద్దీ తగ్గుతుందని మనందరి నమ్మకం. తగ్గకపోగా పెరగొచ్చని 1968లో డీట్రిచ్ బ్రెస్ అనే జర్మన్ గణితవేత్త లెక్కేసి చూపించారు. పాఠ్యపుస్తకాల్లో దీనికో ఉదాహరణ చెబుతారు. పెన్నూ కాగితం తీసుకుంటే ఇంకా మంచిది. ఒక ఊరి నుంచి మరో ఊరికి 4000 కార్లు వెళ్లాలి. రెండు దారులున్నాయి. మొదటి దారిలో ముందు ఇరుకు రోడ్డు, తర్వాత చుట్టు తిరిగి వెళ్లే వెడల్పు రోడ్డు. రెండో దారిలో ముందు వెడల్పు, తర్వాత ఇరుకు. వెడల్పు రోడ్డు మీద ఎన్ని కార్లున్నా 45 నిమిషాలే పడుతుంది. ఇరుకు రోడ్డు మీద మాత్రం ఎన్ని కార్లు వెళ్తే అందులో నూరో వంతు నిమిషాలు. కార్లు సగం సగం పంచుకుంటే ఇరుకులో 20, వెడల్పులో 45, మొత్తం 65 నిమిషాలు.

ఇప్పుడు ఆ రెండు దారుల్నీ మధ్యలో కలుపుతూ, మొదటి ఇరుకు రోడ్డు చివరి నుంచి రెండో ఇరుకు రోడ్డు మొదటికి, క్షణంలో దాటేసే లింకు రోడ్డు వేశారనుకుందాం. ఇరుకు రోడ్డు పూర్తిగా నిండినా 40 నిమిషాలే కదా, 45 కంటే నయమే. అందుకని ప్రతి డ్రైవరూ మొదటి ఇరుకు రోడ్డెక్కి, లింకు దాటి, రెండో ఇరుకు రోడ్డు పట్టుకుంటాడు. 40కి 40 కలిపితే 80. పాత దారికి మళ్లాడా, వాడికి 85 పడుతుంది. అందుకే ఎవరూ మళ్లరు. కొత్త రోడ్డు వేసి అందరికీ తలా 15 నిమిషాలు ఆలస్యం పంచిపెట్టారన్నమాట! గేమ్‌లో అడ్డదారి గీసిన ఐదు నిమిషాలకే కూడలి స్తంభించడం మీరు చూసే ఉంటారు. దాని పేరు బ్రెస్ పారడాక్స్ అని ఇప్పుడు తెలిసింది, అంతే. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో చంగ్యేచన్ వాగు మీదున్న ఎలివేటెడ్ రోడ్డుని 2003లో కూల్చడం మొదలుపెట్టినప్పుడు నగరం ఆగిపోతుందని చాలామంది భయపడ్డారు. ఆగలేదు. 2005 నాటికి అక్కడ వాగు తిరిగొచ్చింది.

సరే, ఇదంతా మన ప్రిపరేషన్‌కి ఎలా పనికొస్తుంది? మాక్ టెస్టులో చివరి పది ప్రశ్నలు వదిలేశారనుకోండి. అవి డేటా ఇంటర్‌ప్రిటేషన్ ప్రశ్నలైతే ‘నాకు డీఐ రాదు’ అని తీర్మానించేసి, మర్నాటి నుంచి డీఐ పుస్తకం పట్టుకుంటారు. అది భవనం ముందు రోడ్డు వేయడం లాంటిదే. టైమ్ తినేసింది అంతకుముందు ఇంగ్లిష్ ప్యాసేజ్ కావచ్చు, వదలబుద్ధికాక ఆరు నిమిషాలు కుస్తీపట్టిన ఒక్క లెక్క కావచ్చు. ఏ ప్రశ్నకి ఎన్ని నిమిషాలు పట్టిందో పక్కన రాసుకుంటే తప్ప తెలీదు. ఉద్యోగ దరఖాస్తుల్లోనూ అంతే. నలభై చోట్ల పెడితే ఒక్క చోట నుంచీ కాల్ రాలేదంటే, ఇంటర్వ్యూ టిప్స్ వీడియోలు చూసి లాభమేంటి? అడ్డంకి రెజ్యూమె దగ్గరుంది, లేదా మీరు వెతికే ఉద్యోగాల దగ్గరుంది. పరీక్ష దాటి ప్రతిసారీ హెచ్ఆర్ రౌండులో ఆగిపోతుంటే అది వేరే కథ. ఎన్ని పెట్టారు, ఎన్ని కదిలాయి, ఎక్కడ ఆగాయి అని ఒక కాగితం మీద మూడు గళ్లు గీయండి. కంపెనీ మీకు చెప్పని జవాబులో కొంత ఆ కాగితమే చెబుతుంది.

రెజ్యూమెలో ‘హాబీ: మొబైల్ గేమ్స్’ అని రాస్తే మాత్రం ఎవరూ ఖాతరు చేయరు. చేయనక్కర్లేదు కూడా. గేమ్స్ ఆడితే ప్రాబ్లమ్ సాల్వింగ్ స్కిల్స్ వచ్చేస్తాయని ఊదరగొట్టేవాళ్ల మాట నేను నమ్మను. వెయ్యి గంటలు ఆడినా, కూడలి ఎందుకు జామ్ అయిందో రెండు నిమిషాల్లో చెప్పలేకపోతే ఆ గంటలు కాలక్షేపం కిందే లెక్క. చెప్పగలిగితే కథ వేరు. కంప్యూటర్ సైన్స్ విద్యార్థి అయితే ఇదే సంగతిని సర్వర్ భాషలో చెప్పొచ్చు. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన చిన్న సూత్రం ఒకటుంది. ఎంత వేగంతో వస్తున్నాయో, ఒక్కోటి ఎంతసేపు ఉంటోందో గుణిస్తే, సగటున లోపల ఎన్ని ఉన్నాయో వస్తుంది. టోల్‌గేటుకి నిమిషానికి 10 వాహనాలొచ్చి ఒక్కోటి 3 నిమిషాలు ఆగితే, ఎప్పుడు చూసినా సుమారు 30 ఉంటాయి. సర్వర్‌కి సెకనుకి 200 రిక్వెస్టులొచ్చి ఒక్కోదానికి అర సెకను పడితే 100. లెక్క ఒకటే.

సివిల్ వాళ్లకి దారి ఇంకా సూటిగా ఉంది. గేట్ సివిల్ సిలబస్‌లో ట్రాన్స్‌పోర్టేషన్ ఇంజినీరింగ్ ఎలాగూ ఉంది, వరంగల్ ఎన్ఐటీలో అదే పేరుతో ఎంటెక్ ఉంది. అంతవరకూ ఆగలేమంటే, జర్మన్ ఏరోస్పేస్ సెంటర్ తయారుచేసిన సూమో అనే ట్రాఫిక్ సిమ్యులేటర్ ఉచితం. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి మీ ఊరి రోడ్లు దించుకుని అందులో బండ్లు నడిపించొచ్చు. బొమ్మలు గేమంత ముద్దుగా ఉండవు, మొదటి వారం చిరాకే. తట్టుకున్నవాళ్లకి మాత్రం రెజ్యూమెలో రాసుకోవడానికి నిజమైన ప్రాజెక్టు మిగులుతుంది.

అప్పుడే తెలుస్తుంది, గేమ్ మన నుంచి ఎన్ని దాచిందో. మినీ మోటర్‌వేస్‌లో రోడ్డు దాటే మనిషే లేడు. పుస్తకాల సంచీతో బడి పిల్లాడు లేడు, కర్రపట్టుకున్న తాతయ్య లేడు. 2015లో వచ్చిన సిటీస్: స్కైలైన్స్‌లో మనుషులున్నారుగానీ, చాలాసేపు ఇరుక్కుపోయిన బండి అందులో మాయమైపోతుంది! మన కూడలిలో మాయమవ్వాలని మొక్కుకున్నా అవదు. అక్కడ ఒక క్లిక్‌తో ఇల్లు లేచిపోయి రోడ్డొస్తుంది. మన దగ్గర గోడ మీద ఎర్రరంగు మార్కింగ్ పడిందంటే ఆ ఇంట్లో నిద్రుండదు. పరిహారం, కోర్టు, ఏళ్ల తరబడి తిరగడం. మీలో కొందరి ఇళ్లకే ఆ మార్కింగ్ పడి ఉండొచ్చు. ఇక లేన్ల మాట సరేసరి. గేముల్లో కారు వెనక కారు వెళ్తుంది. మన రోడ్డు మీద బస్సుకీ డివైడర్‌కీ మధ్య మూడు బైకులు, ఓ సరుకుల ఆటో దూరతాయి. అందుకే మన ఇంజినీర్లు వాహనాలన్నిటినీ ‘ప్యాసింజర్ కార్ యూనిట్’ల్లోకి మార్చి లెక్కేస్తారు. టూవీలర్‌కి ఒకటి కంటే తక్కువ, బస్సుకి ఎక్కువ.

ఈ లెక్క నేర్చుకోవడానికి ఏ కోర్సూ అక్కర్లేదు. మీ కాలేజీ దగ్గరి కూడలికి రేపు ఉదయం ఎనిమిదిన్నరకి ఇద్దరు ఫ్రెండ్స్‌తో వెళ్లండి. ఫుట్‌పాత్ మీదో, ఏదైనా షాపు మెట్ల మీదో నిలబడండి. ఒక్కొక్కరు ఒక్కో దిక్కు పంచుకుని బైకులు, ఆటోలు, కార్లు, బస్సులు, లారీలు విడివిడిగా ఐదు గీతల చొప్పున టిక్ పెట్టుకోండి. పావుగంటకో గడి. రోడ్డు దాటేవాళ్లకి మాత్రం వేరే గడి పెట్టండి, గేమ్‌లో లేనిది వాళ్లే కాబట్టి. పదిన్నర దాకా ఉండండి. మంచినీళ్లు, టోపీ మరిచిపోవద్దు.