జట్టు జాబితాకి ముందు

స్త్రీల హక్కుల పత్రికలో వీడియో ఆటల గురించి రాయడమేమిటని కొందరు పాఠకులకి అనిపించవచ్చు. కూలిరేట్లు, వరకట్నం కేసులు, గృహహింస చట్టం అమలు, ఇన్ని సమస్యలుండగా ఫోనులో ఆడుకునే క్రికెట్ మనకెందుకు? సినిమాలనీ, పాఠ్యపుస్తకాలనీ, వారపత్రికల సీరియళ్ళనీ స్త్రీల దృష్టితో చదవడం మొదలుపెట్టినప్పుడు కూడా ఇదే ప్రశ్న ఎదురైంది. పిల్లలు రోజుకి గంటో రెండు గంటలో ఏ లోకంలో గడుపుతున్నారో, ఆ లోకం ఏ లెక్కల మీద నడుస్తోందో తెలుసుకోవడం కూడా మన పనే అని నేననుకుంటాను.

ఫోనులో, కంప్యూటర్లో ఆడే క్రికెట్ రెండు రకాలు. ఒకదానిలో మీట నొక్కి బంతిని కొడతారు. రెండోదానిలో బ్యాటు పట్టుకోరు, జట్టుని నడుపుతారు. ఎవరిని తీసుకోవాలి, ఎవరిని పక్కన పెట్టాలి, ఎవరికెంత జీతమివ్వాలి, ఏ ఓవరు ఎవరిచేత వేయించాలి, ఇవన్నీ మనం నిర్ణయిస్తే కంప్యూటరు లెక్కగట్టి ఫలితం చెబుతుంది. 1998లో ఇంగ్లండులో వచ్చిన ‘ఇంటర్నేషనల్ క్రికెట్ కెప్టెన్’ ఈ తరహాలో పేరుపొందిన ఆట. తర్వాత ఇలాంటివి ఫోన్లలోకీ వచ్చాయి. డబ్బు పెట్టి జట్టు కట్టే పందెం ఆటలు వేరు. వాటిని నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. నేను మాట్లాడుతున్నది పందెం లేని ఆట గురించి.

నరసరావుపేట దగ్గర ఒక ఊళ్ళో ఆడపిల్లల చదువు మీద పనిచేస్తున్నప్పుడు, పదో తరగతి చదివే ఒకమ్మాయి ఇలాంటి ఆట ఆడుతూ కనిపించింది. ఫోను అన్నది. అతను నిద్రపోయాకో, ఛార్జింగు పెట్టి బయటికి పోయినప్పుడో ఆమె చేతికొస్తుంది. ఆ ఆట మీద ఇద్దరికీ కోపమే. “ఎంత మంచి టీము పెట్టినా ఆఖర్లో ఐదు వికెట్లు పడేసుద్ది మేడం. ముందే రాసిపెట్టి వుంటది, మనమేం చేసినా ఒకటే” అన్నది అన్న కోపం. చెల్లెలి కోపం వేరు. “ఇందులో మనోళ్ళు ఒక్కళ్ళు కూడా లేరు మేడం” అంది. ఆ ఆటలో ఆటగాళ్ళ పేర్లు మార్చుకునే వీలుంది. ఆమె పదకొండుమంది మగవాళ్ళ పేర్లూ చెరిపేసి హర్మన్‌ప్రీత్, స్మృతి, దీప్తి, శ్రీచరణి అని టైపు చేసుకుంది. ఐనా స్మృతి సెంచరీ కొడితే ఆట ఇంగ్లీషులో ‘అతను’ అనే చెబుతోంది. పేరు పక్కన గడ్డం మీసాల బొమ్మ అలాగే వుంది.

అన్న కోపాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. అన్ని నిర్ణయాలూ సరిగ్గా తీసుకుని కూడా ఓడిపోవడం ఈ పత్తి, మిర్చి నేలల్లో అందరికీ తెలిసిన అనుభవమే. 2025 మొదట్లో మిర్చి ధర పడిపోయి, కేంద్ర ప్రభుత్వం క్వింటాలుకి 11,781 రూపాయల ధర ప్రకటించవలసి వచ్చినప్పుడు గుంటూరు యార్డు ముందు నిలబడిన రైతు కోపం కూడా ఇలాంటిదే. ఐతే అన్నని ఆట ‘రా, నువ్వే మేనేజరువి’ అని పిలిచి, తర్వాత పగ్గాలు చేతికివ్వలేదు. చెల్లెల్ని అసలు పిలవనేలేదు. మొదటిది ఆటలో లోపం. రెండోది ఆట ఎవరి కోసం తయారైందన్న ప్రశ్న.

స్త్రీల జట్లు ఎందుకు లేవంటే సాధారణంగా వచ్చే జవాబు: చూసేవాళ్ళు లేరు, లెక్కలు లేవు. చూసేవాళ్ళు లేరన్న మాట ఇప్పుడు చెల్లదు. 2023లో మహిళల ప్రీమియర్ లీగు మొదలైనప్పుడు 5 జట్లని కొనడానికి వ్యాపార సంస్థలు 4,669.99 కోట్ల రూపాయలు పెట్టాయి. ఇక లెక్కల సంగతి. స్త్రీల మొదటి ప్రపంచ కప్పు ఇంగ్లండులో జరిగింది 1973లో, అంటే పురుషుల మొదటి కప్పుకన్నా రెండేళ్ళు ముందు. అదే ఏడాది మన దేశంలో మహిళా క్రికెట్ సంఘం ఏర్పడింది. 1976లో వెస్టిండీస్‌తో మన స్త్రీలు టెస్టులాడారు. ఆ సంఘాన్ని క్రికెట్ బోర్డులో కలిపింది 2006లో. ముప్పై మూడేళ్ళపాటు రిజర్వేషను లేని రైలుపెట్టెల్లో తిరిగి, డార్మిటరీ నేలల మీద పడుకుని ఆడిన ఆట అది. పురుషుల రంజీ పోటీల స్కోరుకార్డులు దొరికినంత సులువుగా వీళ్ళవి దొరకవు. లెక్క రాయకుండా వదిలేసి, తర్వాత లెక్క లేదు కాబట్టి చోటు లేదనడం స్త్రీల శ్రమ విషయంలో మనం ఎన్నోసార్లు విన్న వాదమే.

తలుచుకుంటే చెయ్యగలరని కూడా రుజువైంది. ‘ఫిఫా’ ఫుట్‌బాల్ ఆటలో 2015లో స్త్రీల జాతీయ జట్లు చేరాయి. 2017లో వచ్చిన ‘యాషెస్ క్రికెట్’లో స్త్రీల జట్లున్నాయి. జట్టుని నడిపే ఆటల్లో ప్రసిద్ధమైన ‘ఫుట్‌బాల్ మేనేజర్’ స్త్రీల ఫుట్‌బాల్‌ని చేరుస్తామని 2021లో ప్రకటించి, 2025 నవంబరులో చేర్చింది. నాలుగేళ్ళు పట్టింది, నిజమే. క్రీడాకారిణుల వివరాలు సేకరించాలి, వాళ్ళ కదలికలని విడిగా చిత్రించాలి. పేరు మార్చి ‘అతను’ని అలాగే వుంచితే సరిపోదని వాళ్ళకి తెలిసింది. నరసరావుపేట దగ్గరి పిల్ల తన ఫోనులో, కాదు అన్న ఫోనులో, తెలుసుకున్నదీ అదే.

ఐతే స్త్రీల జట్లని చేర్చడంతో కథ ముగియదు. అసలు చిక్కు ఆట ఎక్కడ మొదలవుతుందన్న దాంట్లో వుంది. ఈ ఆటల్లో ప్రతి సీజను చివరా కొందరు పెద్దవాళ్ళు రిటైరవుతారు, కొందరు కొత్త కుర్రాళ్ళు జాబితాలో వాటంతటవే ప్రత్యక్షమవుతారు. వయసు 18, బ్యాటింగు ఇంత, బౌలింగు ఇంత, ఫిట్‌నెస్ ఇంత. ఆ అంకెలు వచ్చేదాకా వాళ్ళకి అన్నం ఎవరు పెట్టారు, బూట్లు ఎవరు కొన్నారు, నెట్స్‌కి ఎవరు తీసుకెళ్ళారు అన్న ప్రశ్న ఆటలో లేదు. సామాజికశాస్త్రంలో మేము పునరుత్పత్తి శ్రమ అనే దాన్ని ఈ ఆట ఒక్క మీటతో దాటేస్తుంది. మేనేజరు పని జాబితా చేతికొచ్చాకనే మొదలవుతుంది.

మన అమ్మాయిలకి జరగవలసినదంతా ఆ జాబితాకి ముందే జరగాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ అంకెలు చూడండి. 15–49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత. 20–24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకుండానే పెళ్ళి. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవాళ్ళు పురుషుల్లో 48.8 శాతమైతే స్త్రీలలో 21 శాతం. ఫిట్‌నెస్ అంకె వెయ్యాలంటే ముందు రక్తం వుండాలి. 18 ఏళ్ళకి జాబితాలో కనిపించాలంటే అప్పటికి ఆమె అత్తగారింట్లో వుండకూడదు. ఈ ఆటని ఆడాలన్నా చేతిలో ఫోను వుండాలి.

వీటికి తోడు పంటల కాలం. పత్తితీత అక్టోబరు నుంచి సంక్రాంతి దాటేదాకా. అది అయిపోకముందే మిరపకోతలు మొదలై ఏప్రిల్ దాకా సాగుతాయి. తర్వాత కల్లాల్లో, కోల్డ్ స్టోరేజీల దగ్గర ముచ్చికలు తియ్యడం. బడి నడిచే నెలలూ, క్రికెట్ పోటీలు జరిగే నెలలూ దాదాపు ఇవే. తల్లి తెల్లవారకముందే ముఠాతో ఆటో ఎక్కితే, ఇంట్లో తమ్ముళ్ళకి అన్నం పెట్టేదీ నీళ్ళు పట్టేదీ ఈ అమ్మాయే. కూలీల కొరత వున్న రోజున ఆమే ఆటో ఎక్కుతుంది. అన్న మాత్రం బ్యాటు పట్టుకుని చెరువుగట్టు కింద ఖాళీ పొలంలోకి పోతాడు. అతన్ని ఎవరూ ఏమీ అనరు. అతనికీ ఆ ఖాళీ సమయానికీ మధ్య ఎవరి చాకిరీ వుందో అతనికి తట్టదు.

‘మేనేజరు’ అన్న మాట గురించి కూడా ఆలోచించాలి. కోతల కాలంలో ముఠాని నడిపే ఆడమేస్త్రిని ఎవరైనా ఒక రోజు వెంట తిరిగి చూస్తే తెలుస్తుంది. ముందురోజు రాత్రే ఇరవైమందిని పోగుచెయ్యాలి. రైతుతో కూలి మాట్లాడాలి. ఎవరికి నడుము నొప్పి, ఎవరికి పాలుతాగే బిడ్డ, ఎవరి చెయ్యి చురుకు అన్నది చూసి సాళ్ళు పంచాలి. ఒకామె రాకపోతే అప్పటికప్పుడు ఇంకొకర్ని తేవాలి. సాయంత్రానికి లెక్క తేల్చి ఎవరికీ తగువు రాకుండా డబ్బు పంచాలి. పరిమిత వనరులతో మనుషులని ఎంచి, నిలబెట్టి, గెలిపించడం మేనేజ్‌మెంట్ అయితే ఇది అదే. కానీ ఆ మాట ఆమెకెవరూ వాడరు. టీవీలో వేలంపాటలో కూర్చున్న యజమాని మేనేజరు, ఫోను పట్టుకున్న కుర్రాడు మేనేజరు. పొలంలో అదే పని చేస్తున్న మనిషి ‘కూలికి పోయే ఆడది’.

2025 నవంబరు 2న నవీ ముంబైలో దక్షిణాఫ్రికా మీద 52 పరుగులతో గెలిచి మన స్త్రీలు ప్రపంచ కప్పు తెచ్చారు కదా, ఇంకా ఈ ఫిర్యాదులెందుకని అడిగేవాళ్ళున్నారు. ఆ గెలుపు మనందరిదీ. కడప జిల్లా పల్లె నుంచి వచ్చిన శ్రీచరణి ఆ పోటీల్లో 14 వికెట్లు తీసింది. రాష్ట్ర ప్రభుత్వం ఆమెకి 2.5 కోట్ల రూపాయలు, ఇంటిస్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించింది. విశాఖ స్టేడియంలో రెండు స్టాండ్లకి మిథాలీ రాజ్, రావి కల్పన పేర్లు పెట్టారు. కల్పన ఆటో డ్రైవరు కూతురు. ఇవన్నీ సంతోషించవలసినవే. కానీ గమనించండి, ఈ బహుమానాలన్నీ అంకె కనబడ్డాక వచ్చినవే. 14 వికెట్లు తీసిన అమ్మాయికి ఇచ్చారు. 14 ఏళ్ళకి ఆట మానేసిన అమ్మాయిలని ఎవరూ లెక్కపెట్టలేదు. ఫోనులోని ఆటా, ప్రభుత్వమూ ఒకే పద్ధతిలో ఆలోచిస్తున్నాయి. తయారైన మనిషి జాబితాలో కనబడితే వెల కడతాం, తయారయ్యే దారి మాకు సంబంధం లేదు.

విశాఖపట్నం అమ్మాయి స్నేహదీప్తి 2013లో 16 ఏళ్ళకే భారత జట్టుకి ఆడింది. తర్వాత పెళ్ళయి, తల్లయి, 2023లో మహిళల ప్రీమియర్ లీగులో ఢిల్లీ జట్టుకి ఎంపికయింది. ఆ పదేళ్ళని ఈ ఆటల లెక్కలో ఎలా చూపిస్తారు? ‘ఫామ్ తగ్గింది’ అనా? బిడ్డని కని మళ్ళీ బౌలింగుకి ఎదురునిలిచిన మనిషి కోసం ఆ పట్టికలో గడి లేదు. గడి లేకపోవడం వల్ల అది బలహీనతగానే లెక్కకొస్తుంది.

జీతాల సంగతీ అంతే. 2022 అక్టోబరులో బోర్డు మ్యాచ్ ఫీజుని స్త్రీలకీ పురుషులకీ సమానం చేసింది. టెస్టుకి 15 లక్షలు, వన్డేకి 6 లక్షలు, టీ20కి 3 లక్షలు. మంచి నిర్ణయం. కానీ 2024–25 వార్షిక ఒప్పందాల్లో పురుషుల పై శ్రేణికి 7 కోట్లయితే స్త్రీల పై శ్రేణికి 50 లక్షలు. మ్యాచ్ ఆడిన రోజుకి సమానత్వం, ఆడని రోజులకి పాత లెక్క. బతుకులో ఆడని రోజులే ఎక్కువ.

అందుకే మన డిమాండ్లు ఫోను దగ్గర మొదలై అక్కడే ఆగకూడదు. మన దేశంలో అమ్ముకునే ప్రతి క్రికెట్ ఆటలో స్త్రీల జట్లు వాళ్ళ సొంత పేర్లతో, సొంత రికార్డులతో వుండాలి. గుంటూరులో అమ్మాయిల కోసం వసతి అకాడమీ నడిపిన ఆంధ్రా క్రికెట్ సంఘం, అమ్మాయిల మీద జిల్లాలవారీగా ఏటా ఎంత ఖర్చు పెడుతోందో బయటపెట్టాలి. పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల్లోని ఉన్నత పాఠశాలల్లో మైదానం, మరుగుదొడ్డి, వ్యాయామ ఉపాధ్యాయిని వుండాలి. సాయంత్రం ఆట ముగిశాక ఊరికి చేర్చే బస్సు వుండాలి. కోతల నెలల్లో బడి మానేస్తున్న ఆడపిల్లల లెక్క ప్రతి మండలంలో తియ్యాలి. పోటీల తేదీలు నిర్ణయించేవాళ్ళు ఆ లెక్కని ముందు పెట్టుకోవాలి.

ఈ సంచిక చదివే మన సంఘాల సభ్యులు మీ ఊరి హైస్కూలుకి ఒకసారి వెళ్ళి, అక్కడ సాయంత్రం నాలుగున్నరకి మైదానంలో ఎంతమంది అబ్బాయిలున్నారు, ఎంతమంది అమ్మాయిలున్నారు లెక్కపెట్టండి. లేని అమ్మాయిలు ఆ వేళ ఎక్కడున్నారో వాళ్ళనే అడిగి రాసుకోండి. జిల్లా విద్యాశాఖ ముందూ, క్రికెట్ సంఘం ముందూ పెట్టవలసిన మొదటి జాబితా అదే.