జ్వరము వచ్చిన దినములలో బి.పి. గోలి



వానాకాలము మొదలైనదంటే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో మేము ఏ ఇంటికి వెళ్లినను ఒకే మాట వినపడుచుండును. "అయ్యగారూ, ఇంట్ల అందరికి సర్ది, జరం. ఒళ్లంత నొప్పులు." పిల్లలు మూడు నాలుగు దినములలో లేచి ఆడుకొందురు. పెద్దవారు మాత్రము మంచము దిగరు. ఆ పెద్దవారిలో చాలామంది బి.పి. ఉన్నవారే. ఈ నెల వారిని గూర్చి వ్రాయుచున్నాము. అయితే ముందుగా మా తప్పు ఒకటి ఒప్పుకొనవలసియున్నది.

కొన్ని సంవత్సరముల క్రితము కోరుట్లలో ఒక పెద్దమ్మను చూడ వెళ్లినాము. ముప్పది ఏండ్లు బీడీలు చుట్టి పిల్లలను పెంచిన తల్లి. కొడుకు దుబాయిలో ఉన్నాడు. నాలుగు దినములుగా జ్వరము. కత్తిరించిన తునికాకు చాటలోనే ఎండిపోవుచున్నది. ఆమె మమ్మును అడిగినది: "అయ్యగారూ, జరం గోలీలు ఏసుకుంటున్న. వాటి మీద బి.పి. గోలి గూడ ఏసుకుంటే వేడి చేస్తదంటున్నరు. ఆపాల్నా?"

మేము వైద్యము చదువలేదు. అయినను ఆలోచింపక, "జ్వరము తగ్గనియ్యండి పెద్దమ్మా, తరువాత వేసుకుందురు గాని" అని చెప్పి, ప్రార్థన చేసి వచ్చినాము. ఆరవ దినమున ఆమెకు పక్షవాతము వచ్చినది. ప్రాణము దక్కినది గాని కుడిచేయి పట్టు తప్పినది. జ్వరము వలననో, గోలి ఆపుట వలననో, రెండింటి వలననో డాక్టరుగారు తేల్చి చెప్పలేదు. ఆమె మమ్మును ఒక్క మాట కూడ అనలేదు. అయితే తెలియని సంగతికి మేము జవాబు చెప్పినామన్నది నిజము. ఆ తరువాత డాక్టర్లను అడిగి, చదివి తెలిసికొన్న సంగతులను మీ ముందు ఉంచుచున్నాము.

మనము సర్ది అని తేలికగా అనునది అన్నిసార్లు సర్ది కాదు. మామూలు పడిశము మెల్లగా వచ్చి మెల్లగా పోవును. ఇన్‌ఫ్లుయెంజా అట్లు కాదు. ఉదయము బాగున్న మనిషి సాయంత్రమునకు వణుకు, తలనొప్పి, పొడి దగ్గు, ఎముకలు విరిగినట్లు నొప్పులతో పడిపోవును. మన దేశములో ఇది వానాకాలములో ఒకసారి, చలికాలములో ఒకసారి ఎక్కువగును. 1918లో బొంబాయి రేవున దిగి, రైలు మార్గముల వెంట ప్రాకి, మన దేశములో కోటి మందికి పైగా ప్రాణములు తీసినది ఈ జ్వరమే. 2009లో స్వైన్ ఫ్లూ అను పేరుతో మరల వచ్చినప్పుడు మన దేశములో మొదటి రోగిని గుర్తించినది హైదరాబాదులోనే, మే నెలలో. 2015 ఆరంభములో తెలంగాణ అంతట అది ఎంత భయము పుట్టించినదో మనకు జ్ఞాపకమే.

బి.పి.కిని దీనికిని సంబంధమేమి? బి.పి. ఉన్నందున మాత్రమే ఈ జ్వరము త్వరగా అంటుకొనునని కాదు. అయితే ఏండ్ల తరబడి అదుపులో లేని బి.పి. గుండె కండరమును మందము చేయును, రక్తనాళములను బిరుసు చేయును, కిడ్నీలను దెబ్బతీయును. ఇవన్నియు చప్పుడు లేకుండ జరుగును. అట్టి దేహములో జ్వరము ప్రవేశించినప్పుడు గుండె వేగముగా కొట్టుకొనవలెను. రక్తనాళములలో వాపు కలుగును. రక్తము గడ్డకట్టు గుణము పెరుగును. కెనడాలో జరిగిన ఒక పరిశోధన 2018లో వెలువడినది. ఇన్‌ఫ్లుయెంజా అని పరీక్షలో తేలిన తరువాతి ఏడు దినములలో గుండెపోటు వచ్చు అవకాశము మామూలు దినముల కంటె సుమారు 6 రెట్లు ఎక్కువని అందులో తేలినది. బి.పి.తో పాటు గుండె జబ్బు, షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవారు, 65 ఏండ్లు దాటినవారు మరింత జాగ్రత్తగా ఉండవలెను.

ఇక మన ఇండ్లలో జరుగు పొరపాట్లు నాలుగు.

మొదటిది, మేము చేసినదే. జ్వరము వచ్చినదని బి.పి. గోలి ఆపుట. రెండు మందులు కలిసిన వేడి చేయునను మాటలో నిజము లేదు. అటెనలాల్ వంటి కొన్ని గోలీలను హఠాత్తుగా మానిన యెడల బి.పి. ఒక్కసారిగా పైకి లేవగలదు. అయితే ఆపవలసిన సందర్భము కూడ లేకపోలేదు. వాంతులు, విరేచనములు ఎక్కువై దేహములో నీరు తగ్గినప్పుడు బి.పి. పడిపోవచ్చును. అప్పుడు డాక్టరుగారే ఒకటి రెండు దినములు కొన్ని గోలీలను ఆపుదురు. ఆ నిర్ణయము బి.పి. కొలిచి చూచి డాక్టరు చేయవలసినది. ప్రక్కింటివారిది కాదు, పాస్టరుది అంతకన్న కాదు.

రెండవది, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకొను సర్ది గోలి. ముక్కు దిబ్బడ విప్పుటకు అందులో కలుపు ఫినైలెఫ్రిన్, సూడోఎఫెడ్రిన్ అను మందులు రక్తనాళములను బిగించి బి.పి.ని పెంచగలవు. ఒళ్లు నొప్పులకు వాడు డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ గోలీలు దేహములో ఉప్పును, నీటిని నిలిపి, కిడ్నీలకు భారము చేయును. జ్వరమునకు డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ గోలి చాలును. నీళ్లలో వేయగానే పొంగు గోలీలలో సోడియం ఎక్కువ గనుక అవి వద్దు. షాపులో అడుగునప్పుడు "నాకు బి.పి. ఉన్నది" అని మొదట చెప్పుట నేర్చుకొనుడి.

మూడవది, సూది, సెలైన్. నీరసముగా ఉన్నదని మనమే అడిగి సీసా ఎక్కించుకొందుము. అర లీటరు మామూలు సెలైన్ సీసాలో ఉప్పు 4.5 గ్రాములు ఉండును. ఒక మనిషి దినమంతటికి తినదగిన ఉప్పు 5 గ్రాముల లోపే ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. రెండు సీసాలు ఎక్కించుకొన్నవారి గుండె మీద ఎంత భారము పడునో లెక్క వేసికొనుడి. నిజముగా అవసరమైనచో డాక్టరే ఎక్కించును.

నాలుగవది, తొక్కు. నోరు చేదుగా ఉన్నదని జావలోనికి, గట్కలోనికి మామిడికాయ తొక్కు నంజుకొందుము. మూడు పూటలు అదే అయినప్పుడు తిన్నది అన్నము కాదు, ఉప్పు. నిమ్మకాయ పిండుకొనినను నోటికి రుచి తెలియును.

సిరిసిల్లలో మరమగ్గముల మీద పనిచేయు తమ్ముళ్లు ఒక మాట అడుగుదురు. "అయ్యగారూ, మగ్గం ఆగితే కూలి ఆగుతది. జరమని ఇంట్ల పంటే ఎట్ల?" ఈ ప్రశ్నకు మా వద్ద సులువైన జవాబు లేదు. అయితే తలుపులు మూసిన షెడ్డులో ఒకరి దగ్గు పదిమందికి పోవునని, ఇంటికి వెళ్లిన తరువాత బి.పి. ఉన్న తల్లికి అంటునని చెప్పక తప్పదు. పనికి పోకతప్పనివారు నోటికి గుడ్డ కట్టుకొనవలెను. ఇంటికి రాగానే సబ్బుతో చేతులు కడుగుకొని, పెద్దవారి మంచమునకు దూరముగా పడుకొనవలెను.

ఈ మాట మాకును తగులుచున్నది. జ్వరముతో ఉన్నవారి ఇంట ప్రార్థించి, అదే చేతులతో మరియొక ఇంటికి పోయి పెద్దవారి తలమీద చేతులుంచినవారము మేము. ఇప్పుడు ఇంటింటికి చేతులు కడుగుకొనుచున్నాము. రోగి గదిలో పదిమంది కూడుకొనుట మాన్పించినాము. జ్వరముతో ఉన్నవారు ఆదివారము ఇంటనే ఉండి ప్రార్థించుకొనిన తప్పు లేదని సంఘములో చెప్పుచున్నాము.

ఇన్‌ఫ్లుయెంజాకు టీకా ఉన్నది. వైరస్ మారుచుండును గనుక ప్రతి సంవత్సరము వేయించుకొనవలెను. రక్షణ కలుగుటకు రెండు వారములు పట్టును. గనుక వానలకు ముందే మంచిది. సాధారణముగా ప్రైవేటు ఆసుపత్రిలో డబ్బు పెట్టి వేయించుకొనవలసియుండును. అందరికీ వీలు కాకపోవచ్చును. అయితే గుండె జబ్బు ఉన్న తల్లిదండ్రులకైనను వేయించుడి. గుండెపోటు వచ్చినవారికి ఈ టీకా వేసి 8 దేశములలో చేసిన పరిశోధన 2021లో వెలువడినది. టీకా వేయనివారిలో ఏడాదిలో నూటికి 4.9 మంది చనిపోగా, వేసినవారిలో 2.9 మంది మాత్రమే చనిపోయిరి. గల్ఫు నుండి డబ్బు పంపు కుమారులు పండుగ బట్టలతో పాటు దీనిని కూడ లెక్కలో వేసికొందురు గాక.

టీకా వేయించుకొనని వారికి జ్వరము వచ్చినను దారి మూసికొనిపోలేదు. ఓసెల్టామివిర్ అను మందు మొదటి 48 గంటలలో మొదలుపెట్టినచో బాగుగా పనిచేయును. గనుక బి.పి., గుండె జబ్బు ఉన్నవారు వారము దినములు వేచి చూడక, రెండవ దినముననే డాక్టరును కలియవలెను. ఇప్పుడు జగిత్యాలలో 2022 నుండి, సిరిసిల్లలో 2023 నుండి ప్రభుత్వ వైద్య కళాశాలలు నడుచుచున్నవి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో బి.పి. చూచి గోలీలు ఉచితముగా ఇత్తురు.

ఆయాసము, ఛాతీలో నొప్పి, మూతి వంకర పోవుట, మాట తడబడుట, ఒక చేయి గాని కాలు గాని పట్టు తప్పుట, మనిషి మతి తప్పినట్లు మాటలాడుట, తగ్గిన జ్వరము మరల తిరిగి వచ్చుట కనబడినచో తెల్లవారువరకు ఆగవద్దు. వెంటనే 108కు ఫోను చేయుడి.

మొన్న కోరుట్ల పెద్దమ్మను చూచి వచ్చినాము. దుబాయి నుండి కొడుకు ప్రతి రాత్రి ఫోను చేసి, "అమ్మా, గోలి ఏసుకున్నవా?" అని అడుగుచున్నాడట. వాడకట్టులో ఎవరికి జ్వరము వచ్చినను ఆమె కర్ర పట్టుకొని మెల్లగా వెళ్లి అదే ప్రశ్న అడుగుచున్నది. మేము లేచి వచ్చునప్పుడు, "అయ్యగారూ, మీ పత్రికల రాయుండ్రి. నా లెక్క ఇంకొకలు కావద్దు" అన్నది. ఆమె చెప్పినందున వ్రాసినాము. చదువు రాని పెద్దవారు మీ ఇంట ఉన్నచో, దీనిని వారికి చదివి వినిపించుడి.