పల్లె యాసుపత్రికి పరీక్షాశాల యక్కఱలేదా?

ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వువానిని జూచి లోకము నవ్వును. మంట చల్లాఱిన వెంటనే ఆ బావిని పూడ్చుకొనువానిని జూచి యేమనవలెను? 2020వ సంవత్సరమున కరోనా మహమ్మారి వచ్చిపడినప్పుడు మనము మొదటి పని చేసితిమి. ఇప్పుడు రెండవ పనికి పూనుకొనుచున్నాము. రోగనిర్ధారణమునకై నాడు చేసికొన్న యేర్పాటులు పల్లెలలో నిలుచునా, నశించునా యని యడుగువారే మన విద్యావంతులలో కనబడుటలేదు.

జరిగినదానిని స్మరింతము. 2020 జనవరి మాసాంతమున కేరళమునందు తొలి రోగి బయటపడినప్పుడు, రోగమిది యని నిశ్చయించుటకు నమూనా పూణే నగరమందలి జాతీయ వైరస్ విజ్ఞాన సంస్థకు పోవలసివచ్చెను. 2021 నడిమికి అట్టి పరీక్ష చేయగల శాలలు దేశమున రెండువేలు దాటినవి. క్షయరోగ పరీక్షకై యంతకుముందే వాడుకలో నుండిన ట్రూనాట్ యంత్రములు కరోనా పరీక్షకును వినియోగపడినవి. దీనివలన తేలిన దేమి? ధనము లేకపోలేదు, నేర్పు లేకపోలేదు, లేకపోయినది సంకల్పమే. పట్టణవాసికి ప్రాణభయము కలిగినప్పుడు ఏడాదిన్నరలో సాధ్యమైన కార్యము, పల్లెవాసి జ్వరముతో మూల్గుచుండగా ఏడు దశాబ్దులు దాటిన స్వరాజ్యములో నేల సాధ్యము కాలేదు?

వానకాలమున నొక కూలిమనిషి ప్రాథమికారోగ్య కేంద్రమునకు వచ్చెననుకొందము. మూడు దినములనుండి చలిజ్వరము, తలనొప్పి, ఒడలినొప్పులు. అది మలేరియా కావచ్చును, డెంగ్యూ కావచ్చును, టైఫాయిడ్ కావచ్చును, చిన్నపురుగు కాటువలన వచ్చు స్క్రబ్ టైఫస్ కావచ్చును. మొదటి దినములలో నివి యన్నియు నించుమించుగా నొకే ముఖముతో వచ్చును. మందులు మాత్రము వేఱువేఱు. స్క్రబ్ టైఫస్‌ను డాక్సీసైక్లిన్ అను చవుక మాత్ర కుదుర్చును. మలేరియాకు వేఱు చికిత్స. డెంగ్యూకు మందుకంటె మెలకువ ముఖ్యము. ఆసుపత్రిలో రక్తపరీక్షల గది తాళము వేసియున్నచో వైద్యుడేమి చేయును? ఊహించును. ఊహ తప్పినచో నష్టపడువాడు వైద్యుడు కాడు.

ఇందులకు ప్రతివాదులు చెప్పు సమాధానములు నాలుగు. వానిని వరుసగా విచారింతము.

సమర్థుడైన వైద్యుడు రోగిని చూచియే రోగమును చెప్పగలడని కొందఱందురు. మలేరియా యను మాటకు చెడుగాలి యని యర్థము. సమర్థులైన వైద్యులెందఱో వందలయేండ్లు ఆ జ్వరమునకు గాలినే నిందించిరి. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపును సూక్ష్మదర్శిని క్రింద పెట్టి చూచినప్పుడు గదా నిజము వెల్లడియైనది! లోకమునకు ఆ వెలుగునిచ్చిన గడ్డమీదనే సూక్ష్మదర్శిని అక్కఱలేదని వాదించుట మనకు తగునా?

నమూనాలను జిల్లాకేంద్రమునకు పంపిన చాలునని రెండవ వాదము. అరుదైన పరీక్షలకు అది సరియే; ప్రతి పల్లెలోను ప్రతి యంత్రము నుండవలెనని యెవ్వరును కోరుటలేదు. కాని మలేరియాకై నెత్తుటిచుక్కను, క్షయకై కఫమును, గర్భిణికై హీమోగ్లోబిన్‌ను చూచుటకు కూడ బండి యెక్కింపవలెనా? ఒకనాటి కూలి విడిచి వచ్చినవాడు ఫలితమునకై మఱియొకనాటి కూలి విడువజాలడు. అతడు తిరిగి రాడు. కాగితము మాత్రము వచ్చి బల్లమీద పడియుండును.

దూరమున నున్న పరీక్షాశాల యెంత ప్రాణహాని తెచ్చునో పడమటి ఆఫ్రికాను జూచి తెలిసికొనవలెను. గినియా దేశపు టడవిసీమలో 2013 డిసెంబరున ఎబోలా పొడసూపెను. నమూనాలు ఫ్రాన్సు దేశమునకు పోయి దాని పేరు తేలునప్పటికి 2014 మార్చి వచ్చెను. ఆ మూడు నెలలలో వ్యాధి వేళ్లు తన్నుకొనెను. గినియా, లైబీరియా, సియెరా లియోన్ దేశములలో పదునొకండు వేలమందికి పైగా మడిసిరి. 2021లో అదే సీమలో అదే వ్యాధి మరల తలయెత్తగా ఈసారి దానిని పట్టినవి ఆ దేశపు పరీక్షాశాలలే. ఫిబ్రవరిలో ప్రకటింపబడిన వ్యాధి జూన్‌లో ముగిసెను; పోయినవారు పన్నిద్దఱు. టీకాయు, పూర్వానుభవమును తోడ్పడినమాట నిజమే. కాని రోగము పేరు తెలియక టీకా యెవరికి వేయుదురు?

ప్రైవేటు లాబులు వీధివీధికి నున్నవి గదా యని మూడవ వాదము. ఉన్నవి. అక్కడ పేదవాడు చెల్లించు రుసుము మాట యటుండనిండు. జ్వరమన్నచో నొక్క విడాల్ పరీక్ష చేసి, టైఫాయిడ్ అని చీటీ వ్రాసి పంపు నలవాటు మనలో నెవ్వ రెఱుగరు? ఆ పరీక్ష నొక్కమాఱు చేసినంతమాత్రమున రోగము నిశ్చయము కాదని వైద్యశాస్త్రమే చెప్పుచున్నది. ఇంకొక చిక్కు కలదు. 2004లో నేర్పడిన వ్యాధి నిఘా పద్ధతిలో మూడు పట్టికలు గలవు: గ్రామ కార్యకర్త యనుమానము నొకదానిలో, వైద్యుని యభిప్రాయము నొకదానిలో, పరీక్షాశాల నిర్ణయము మూడవదానిలో చేరును. పల్లెలో పరీక్షయే లేనప్పుడు మూడవ పట్టిక ఖాళీగా నుండును. ఖాళీ పట్టికను జూచి అధికారి రోగము లేదనుకొనును. మహమ్మారి యట్టి చోటనే నక్కియుండును.

ఇక నాలుగవ వాదము అన్నిటికంటె గడుసైనది: ఇవి యన్నియు నిచ్చియే యున్నాము గదా యని. నిజమే, కాగితముమీద నిచ్చిరి. ప్రాథమికారోగ్య కేంద్రమున 63 విధముల పరీక్షలు, సామాజికారోగ్య కేంద్రమున 97 విధముల పరీక్షలు చేయవలెనని జాతీయ ప్రమాణము. 2021 అక్టోబరులో 64,180 కోట్ల రూపాయల పథకమొకటి ప్రారంభమై, జిల్లాకొక సమగ్ర పరీక్షాశాలను వాగ్దానము చేసెను. సంతోషమే. కాని మైదానమున ముప్పదివేల జనమునకు, మన్యమున ఇరువదివేల జనమునకు నొక ప్రాథమికారోగ్య కేంద్రము. అందు సాధారణముగా నొక్క టెక్నీషియను. అతడు సెలవు పెట్టినను, పదవి ఖాళీ యైనను ఆ 63 పరీక్షలు సున్న యగును. రసాయనములు నిండుకొన్నను, విద్యుత్తు పోయినను, యంత్రము చెడి బాగుచేయువాడు రాకున్నను ఫలితమదియే. మహమ్మారి కాలమున ప్రాణములకు తెగించి నమూనాలు తీసిన తాత్కాలికోద్యోగులను, భయము తగ్గగానే పలు రాష్ట్రములలో నింటికి పంపిరి. యంత్రములను దాచుకొని మనుష్యులను విడిచిపెట్టుట యెట్టి పొదుపు?

పరీక్షాశాల యనగా యంత్రము కాదు. పరీక్షించు చేయి, దానికి ఎడతెగని సరఫరా, ఫలితమును నమ్మి చికిత్స చేయు వైద్యుడు, లెక్కను చదువు నధికారి, ఈ నలుగురి నిత్యకృత్యమే పరీక్షాశాల. ఇది మహమ్మారి నాటికే పనికివచ్చునది కాదు. శ్రీకాకుళపు ఉద్దానములో మూత్రపిండములు చప్పుడులేక చెడిపోవుచున్న రైతునకు క్రియాటినిన్ పరీక్షయే హెచ్చరిక. దినదినము పనిచేయు శాలయే విపత్తునాడును పనిచేయును. తుప్పుపట్టిన కత్తి యుద్ధమునాడు తెగదు.

కావున ప్రభుత్వములను మనమడుగవలసినవి స్పష్టము. ప్రతి కేంద్రమున స్థిరోద్యోగియైన టెక్నీషియనును, అతడు లేనినాడు పనిచేయుటకు బదులు మనిషిని నియమింపవలెను. సామాన్య పరీక్షల ఫలితము నానాడే యియ్యవలెను. దూరమునకు పంపిన నమూనాకు గడువు పెట్టి, ఫలితమును రోగి యింటికి చేర్చవలెను. పరీక్షలు సరిగా జరుగుచున్నవో లేవో పైశాల యప్పుడప్పుడు నమూనాలు పంపి పరిశీలింపవలెను.

చదువరులారా! మీ యూరి యాసుపత్రికి రేపొకమాఱు పోయిరండు. టెక్నీషియనున్నాడా? నేడు ఏయే పరీక్షలు చేసిరి? ఫలితమెప్పుడు చెప్పుదురు? అని మూడు ప్రశ్నలడుగుడు. సమాధానము రాకున్నచో వ్రాతమూలముగా నడుగుడు, గ్రామసభలో నడుగుడు, ఓటునకై వచ్చినవాని నడుగుడు. కరోనాలో మన యిండ్లలో దీపములాఱినవి. ఆ బావి పూడిపోవుచుండగా మన మూరకున్నచో, మఱల నిల్లంటుకొన్ననాడు నీటికై యెవరిని నిందింతుము?