అణా టిఫినుతో పెరిగిన బడి

జూన్ వస్తుందంటే మన పేటల్లో ఒకటే మాట: "పిలకాయను ఏ ఇస్కూల్లో వేస్తుండారు?" కార్పొరేషన్ బడి అని చెప్పడానికి కొందరు నామోషీ పడతారు. చీటీ ఎత్తి, మెడలో గొలుసు కుదవబెట్టి ప్రైవేటు బడికి ఫీజు కడతారు. ఎవరి ఇష్టం వారిది, నేను తప్పు పట్టను. కానీ కార్పొరేషన్ బడి ఎట్లా పెరిగిందో తెలిస్తే ఆ నామోషీ ఉండదు. ఈ నెల ఆ సంగతే రాస్తున్నా.

1920 నాటి మదరాసు తలుచుకోండి. పెరంబూరులో బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లులు. కార్మికులు 1918లోనే మదరాసు లేబర్ యూనియన్ పెట్టుకున్నారు. అప్పటి చట్టం ప్రకారం తొమ్మిదేళ్లు నిండిన పిల్లవాణ్ణి బట్టల మిల్లులో రోజుకు ఆరు గంటలు పనిలో పెట్టొచ్చు. ఆ వయసును 12 ఏళ్లకు పెంచింది 1922లో. అలాంటి రోజుల్లో పిలకాయను బడికి పంపితే తల్లికి రెండు విధాల నష్టం. వాడు తెచ్చే నాలుగు డబ్బులు పోతాయి, మధ్యాహ్నం కూడు కూడా తనే పెట్టుకోవాలి.

అప్పుడు కార్పొరేషన్ అధ్యక్షుడు సర్ పిట్టి త్యాగరాయ చెట్టి. తెలుగు మాట్లాడే దేవాంగుల ఇంటి బిడ్డ, అంటే మగ్గం తెలిసిన కులం. నేటి టీ నగర్‌కు ఆయన పేరే పెట్టారు. థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడి పిల్లలకు టిఫిను పెడదామని ఆయన ప్రతిపాదించగా 1920 సెప్టెంబరులో కౌన్సిల్ ఒప్పుకుంది. ఒక్కో పిల్లవాడికి రోజుకు ఒక అణా మించకూడదని షరతు. ఆయన చెప్పిన కారణం సాదాది: అక్కడ చదివేది పేద పిల్లలు, అందుకే బడిలో సంఖ్య తగ్గిపోతోంది.

తరువాత ఇంకో నాలుగు బళ్లలో కూడా టిఫిను మొదలైంది. ఆ అయిదు బళ్లలో కలిపి 1922-23లో 811 మంది పిల్లలు ఉంటే, 1924-25 నాటికి 1,671 మంది అయ్యారు. రెండేళ్లలో రెండింతలు! అణా ఖరీదు చేసే టిఫిను ఆ పని చేసింది.

అయితే 1925 ఏప్రిల్‌లో తెల్లదొరల ప్రభుత్వం అడ్డుకుంది. ప్రాథమిక విద్యకు పెట్టిన నిధిని తిండికి ఖర్చు పెట్టకూడదంది. తిండి వేరు, చదువు వేరు అని వాళ్ల లెక్క. కడుపు కాలిన పిల్లవాడికి పలక మీద అక్షరం కనబడదని మిల్లు గేటు దగ్గర ఏ తల్లిని అడిగినా చెప్పి ఉండేది. రెండేళ్లు ఆగాక 1927లో టిఫిను మళ్లీ మొదలైంది, ఈసారి 25 బళ్లలో సుమారు వెయ్యిమందికి.

ఆ దారిలోనే 1956లో కామరాజర్ మధ్యాహ్న భోజనం, 1982లో ఎం.జి.ఆర్. పోషకాహార పథకం, 2022 సెప్టెంబరులో పొద్దుటి టిఫిను వచ్చాయి. మన పేటలో పొద్దున్నే పనికిపోయే తల్లికి ఈ చివరిది ఎంత ఊరటో నేను చెప్పాలా?

1996లో బి అండ్ సి మిల్లు మూతపడింది. మిల్లు పోయింది, కార్పొరేషన్ బడి నిలిచింది. ఇప్పుడు ఆ బడిలో మనకు జారిపోతున్నది తెలుగు. 2006 చట్టంతో తమిళం ఒకటో తరగతి నుంచి ఏటికో తరగతి చొప్పున తప్పనిసరి అవుతూ, 2016లో పదో తరగతి పరీక్షకు చేరింది. తమిళం మనకు కూడు పెట్టే భాష, పిల్లలకు బాగా రావాల్సిందే. దాంతోపాటు మాతృభాషను ఐచ్ఛిక పాఠంగా తీసుకునే వీలుంది. కానీ అడిగేవాళ్లు లేకపోతే తెలుగు అయ్యవారిని ఎవరు వేస్తారు? పిల్లలు లేరని తరగతి తీసేస్తారు, తరగతి లేదని మనం పిల్లల్ని పంపం. 1920లో కూడా గొడవ ఇదే, సంఖ్య తగ్గడం. అప్పుడాయన బడిని మూసేయలేదు. పిల్లలు ఎందుకు రావడం లేదో చూసి దానికి మందు వేశారు.

మన చేతిలో ఉన్న పని రెండు ముక్కల్లో చెబుతా. బడిలో చేర్చేటప్పుడు ఫారంలో మాతృభాష అన్న చోట తెలుగు అని రాయించండి, తెలుగు పాఠం కావాలని కాగితం పెట్టండి. రెండోది, 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం కార్పొరేషన్ బడికి నిర్వహణ కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్లు. ఆ మీటింగు రోజు "నాకేం తెలుసు" అని ఇంట్లో కూర్చోవద్దమ్మా. కూడు బాగుందా, మరుగుదొడ్డిలో నీళ్లొస్తున్నాయా, తెలుగు అయ్యవారు ఉన్నారా అని అడగండి. ఒక్కరు అడిగితే గొణుగుడు అంటారు, పదిమంది అడిగితే తీర్మానం అవుతుంది. యూనియన్ నడిపిన ఇళ్లకు ఆ సంగతి కొత్తగా నేర్పాలా?