సరిహద్దు దాటే యూరియా, దాటనివ్వని ఉల్లి

నేపాల్‌తో మన సరిహద్దు 1,751 కిలోమీటర్లు. కంచె లేదు, వీసా అక్కర్లేదు. ఇటు బీహార్‌లో రక్సౌల్, అటు బీర్‌గంజ్. రెండు వైపుల జనమూ సంతకు పోయొచ్చినట్టు పోయొస్తారు, ఎక్కడ చవకైతే అక్కడ కొంటారు. మన రూపాయికి వాళ్ళవి 1.60 అని 1993 నుంచి ఒకటే లెక్క, కాబట్టి బేరమూ తేలికే. చవక చూసి కొనేవాణ్ణి మేము తప్పుపట్టం. పక్క ఊళ్ళో పది రూపాయలు తగ్గితే మనం పోమా? అదే సరుకుకు వాగు అవతల ఇంకో ధర ఎట్లా వచ్చిందన్నదే ప్రశ్న.

చమురు సంగతి చూడండి. నేపాల్‌కు పంపేది మన ఇండియన్ ఆయిలే. మోతిహారి నుంచి అమ్లేఖ్‌గంజ్‌కు 2019లో పైపులైను కూడా వేశారు. అయినా 2021 ఫిబ్రవరిలో బీహార్ సరిహద్దు జనం క్యాన్లు పట్టుకుని అవతలికి పోయి, మన దగ్గర్నుంచి వెళ్ళిన చమురునే చవకగా కొనుక్కొచ్చుకున్నారు. అప్పుడు మన కేంద్రం ఎక్సైజు సుంకం లీటరు పెట్రోలుకు 32.90, డీజిల్‌కు 31.80 రూపాయలు. దానిమీద రాష్ట్రాల వ్యాట్. ట్రాక్టరుతో దుక్కి దున్నిన రైతు కట్టిందీ అదే పన్ను. మనకేమో క్యాను పట్టుకుని పోవడానికి పక్కన నేపాల్ లేదు.

యూరియాది దీనికి తలకిందులు. మన దగ్గర 45 కిలోల బస్తా 266.50. నేపాల్‌లో ఒక్క యూరియా కర్మాగారమూ లేదు, నాట్ల వేళకు అక్కడి రైతుకు బస్తా దొరకదు. అందుకే మన సబ్సిడీ బస్తా రాత్రిపూట సైకిలు మీద సరిహద్దు దాటుతుంది. పట్టుబడేది ఆ సైకిలువాడు, లోడు అమ్మిన డీలరు కాదు. 2025 ఖరీఫ్‌లో తెలంగాణలో సొసైటీల ముందు చెప్పులు, పట్టాదారు పాసుపుస్తకాలు వరుసలో పెట్టి కాపు కాసిన వాళ్ళం మనం. అందుకని ఒక మాట గట్టిగా చెబుతున్నాం. యూరియా దొంగదారి పడుతోందన్న సాకు చూపి మన బస్తాలకు కోత పెడితే ఒప్పుకోం. అట్లాగని నేపాల్ రైతును దొంగ అనడానికీ మాకు నోరు రాదు. అతనికీ నాటు ఆగదు కదా.

అతని బాధ ఇంకొకటుంది. మన లారీల కూరగాయలు వచ్చి పడితే అతని పంటకు ధర ఉండదు. 2019 జూన్‌లో నేపాల్ ప్రభుత్వం మన కూరగాయలకు పురుగుమందు పరీక్ష తప్పనిసరి చేసింది. లారీలు సరిహద్దులో ఆగాయి. మన రాయబార కార్యాలయం లేఖ రాసింది, జూలై మొదట్లోనే ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఆ పరీక్ష జరిగి ఉంటే మన తిండికీ మంచిదే అయ్యేది, అది వేరే సంగతి. సరుకు అక్కడికి పోవాలని అంత పట్టుబట్టిన ఢిల్లీయే 2023 ఆగస్టులో ఉల్లి ఎగుమతి మీద 40 శాతం సుంకం వేసింది, డిసెంబర్ 8 నుంచి పూర్తిగా ఆపేసింది. మన ఉల్లి కొనే బంగ్లాదేశ్‌లో ధర ఎగబాకింది. కర్నూలు రైతు, నాసిక్ రైతు మాత్రం ఆ ధర ముఖం చూడలేదు.

చవక కోసం సరిహద్దు దాటి కొనుక్కునే వీలు ఉన్నప్పుడు, గిట్టుబాటు కోసం సరిహద్దు దాటి అమ్ముకునే వీలు మనకెందుకు ఉండదు? పట్నంలో ధర పెరుగుతుందని ఎగుమతి ఆపదలచుకుంటే ఆపండి, కానీ ఆపిన రోజునే మార్కెట్ యార్డులో సర్కారు కాటా పెట్టి, ముందు రోజు ధరకు మా ఉల్లి కొనాలి. యూరియా విషయంలో నేపాల్‌కు ఎన్ని టన్నులు కావాలో రెండు ప్రభుత్వాలూ నాట్లకు ముందే తేల్చుకుని నేరుగా పంపాలి, అదీ మన కోటా ముట్టకుండా. ఈ రెండు డిమాండ్లనూ మండల మహాసభల తీర్మానాల్లో చేర్చమని సభ్యులను కోరుతున్నాం.