ఫొటోలు అవుట్‌బాక్స్‌లోనే ఆగిపోతే తప్పు మీది కాదు.. చెప్పని ప్రోగ్రామ్‌ది!

200 మెగాపిక్సెల్ కెమెరా ఫోన్ల గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటాం. కానీ ఫోన్‌తో తీసిన ఓ ఎనిమిది ఫొటోలను కంప్యూటర్‌లోని మెయిల్ ప్రోగ్రామ్ నుంచి పంపాలంటే మాత్రం ఇప్పటికీ తిప్పలే. "ఇంకా మెయిల్ ఎవరు వాడుతున్నారు బ్రో, వాట్సాప్‌లో పెట్టేయ్" అనేవాళ్లకు ముందుగా ఒక విషయం చెప్పాలి.

2024 సెప్టెంబర్ 1న ఖమ్మంలో మున్నేరు పొంగినప్పుడు మా మామయ్య జిరాక్స్ షాపులోకి కూడా నీళ్లొచ్చాయి. రెండు మెషీన్లు, ఒక ఫొటో ప్రింటర్ పోయాయి. ఇన్సూరెన్స్ ఉంది కాబట్టి కాస్త ధైర్యం. ఫొటోలు వారంలోగా మెయిల్ చేయమన్నారు. మామయ్య ఆ రోజు సాయంత్రమే ఇంట్లో ఉన్న పాత డెస్క్‌టాప్ నుంచి ఎనిమిది ఫొటోలు అటాచ్ చేసి సెండ్ నొక్కారు. విండో మూసుకుంది. పని అయిపోయింది అనుకున్నారు.

ఆరో రోజు ఫోన్ చేసి అడిగితే "మాకు మెయిలే రాలేదండీ" అన్నారు. మామయ్య నాకు ఫోన్ చేశారు. "ఏరా, నేను పంపాను కదా, సెంట్‌లో ఉండాలి కదా?" వెళ్లి చూస్తే మెయిల్ సెంట్‌లో లేదు, అవుట్‌బాక్స్‌లో ఉంది. ప్రోగ్రామ్ తెరిచిన ప్రతిసారీ పంపడానికి ట్రై చేయడం, ఫెయిల్ అవ్వడం, కింద మూలన చిన్న అక్షరాల్లో ఒక ఎర్రర్ చూపించి ఊరుకోవడం. ఐదు రోజులుగా ఇదే తంతు. ఎర్రర్ వివరాలు తెరిస్తే 552 అనే నంబర్, దాని పక్కన ఇంగ్లిష్‌లో ఒక లైన్. అది చూసి మామయ్యకు ఏం అర్థమవుతుంది?

22 ఎంబీ ఫొటోలు 30 ఎంబీ ఎలా అయ్యాయి?

552 అంటే ఒక్క ముక్కలో చెప్పాలంటే "మెయిల్ సైజ్ ఎక్కువైంది" లేదా "అవతలి మెయిల్‌బాక్స్ నిండిపోయింది". ఇక్కడ మొదటిదే. మామయ్య సర్వర్ లిమిట్ 25 ఎంబీ. ఫొటోలన్నీ కలిపి 22 ఎంబీ. మరి ఎందుకు వెళ్లలేదు?

మెయిల్ పంపే పద్ధతిని 1982లో రాసుకున్నప్పుడు అది కేవలం అక్షరాల కోసమే. ఫొటోలు, పాటలు పంపే ఏర్పాటు పదేళ్ల తర్వాత, మైమ్ అనే స్టాండర్డ్‌తో వచ్చింది. దాన్ని తయారు చేసినవాళ్లలో ఒకరైన నథానియెల్ బోరెన్‌స్టీన్ 1992 మార్చి 11న పంపిన మొట్టమొదటి మైమ్ అటాచ్‌మెంట్‌లో ఉన్నది కూడా ఫొటోనే. తన పాటల బృందం ఫొటో, వాళ్లు పాడిన పాట.

అక్షరాలు మాత్రమే వెళ్లే దారిలో ఫొటో వెళ్లాలంటే దాన్ని కూడా అక్షరాలుగా మార్చాలి. ఆ మార్పు పేరే బేస్64. ఇందులో ప్రతి 3 బైట్లు 4 అక్షరాలవుతాయి. లైన్ల చివర పడేవి కూడా కలిపితే ఫైల్ దాదాపు 37 శాతం పెరుగుతుంది. అంటే 22 ఎంబీ ఫొటోలు దారిలోకి వచ్చేసరికి 30 ఎంబీ. 25 ఎంబీ గేటులో పట్టవు.

అందుకే ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. సర్వర్ మొత్తం మెయిల్‌కు 25 ఎంబీ అంటే మీ ఫొటోలు 18 ఎంబీ దాటకూడదు. 10 ఎంబీ అంటే 7 ఎంబీ. జీమెయిల్ మాత్రం 25 ఎంబీ అని ఫైళ్ల సైజ్ చెబుతుంది, ఈ పెరుగుదలకు విడిగా చోటు ఉంచుతుంది. అన్ని సర్వర్లూ అంత ఉదారంగా ఉండవు.

నా అసలు కోపం ఇక్కడే

సర్వర్ తన లిమిట్‌ను దాచిపెట్టదు. మెయిల్ ప్రోగ్రామ్ కనెక్ట్ అయి పలకరించగానే "నేను ఇన్ని బైట్ల వరకే తీసుకుంటాను" అని చెప్పే ఏర్పాటు 1995 నుంచి స్టాండర్డ్‌లో ఉంది. అంటే ఫొటో అటాచ్ చేసిన క్షణంలోనే "ఇది పట్టదు, రెండు మెయిల్స్‌గా పంపనా?" అని అడగడానికి కావాల్సిన సమాచారం ప్రోగ్రామ్ చేతిలో ఉండొచ్చు. థండర్‌బర్డ్ లాంటివి లిమిట్ దాటిందని చెబుతాయి, కానీ సెండ్ నొక్కాక, అది కూడా బైట్లలో. అవుట్‌లుక్ డెస్క్‌టాప్ వెర్షన్ అటాచ్ చేసేటప్పుడే ఆపుతుంది, కానీ మామూలు మెయిల్ అకౌంట్లకు అది చూసేది తన సొంత 20 ఎంబీ డిఫాల్ట్ లిమిట్‌ను. మీ సర్వర్ అంతకంటే తక్కువ తీసుకునేదైతే ఆ హెచ్చరిక రాదు.

ఫొటో షేరింగ్ యాప్‌లో అప్‌లోడ్ ఫెయిల్ అయితే ఎర్రగా చూపించి "మళ్లీ ట్రై చేయండి" అంటుంది. క్లెయిమ్‌లు, ఉద్యోగ దరఖాస్తులు, కోర్టు కాగితాలు వెళ్లే మెయిల్ ప్రోగ్రామ్ మాత్రం మూలన గొణిగి ఊరుకుంటుంది. ఇది టెక్నాలజీ లోపం కాదు, పట్టించుకోకపోవడం.

సరే, మరి మనం ఏం చేయాలి?

గూగుల్‌లో ఎర్రర్ నంబర్ వెతికి, కనిపించిన ప్రతి సెట్టింగ్ మార్చేయకండి. ముందు మీకు మీరే ఫొటో లేకుండా రెండు మాటల మెయిల్ పంపుకోండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

అదీ వెళ్లకపోతే సమస్య ఫొటోది కాదు. 535 అని వస్తే లాగిన్ సమస్య. మామూలు జీమెయిల్ అకౌంట్లకు ఉత్త పాస్‌వర్డ్‌తో బయటి ప్రోగ్రామ్‌లు లాగిన్ కావడాన్ని గూగుల్ 2022 మే 30 నుంచి ఆపేసింది. గూగుల్ సైన్ ఇన్ పేజీ ద్వారా గానీ, యాప్ పాస్‌వర్డ్‌తో గానీ అకౌంట్‌ను మళ్లీ సెట్ చేసుకోవాలి. అసలు కనెక్టే కాకపోతే అవుట్‌గోయింగ్ పోర్ట్ చూడండి. 25 ఉంటే 587 లేదా 465కి మార్చండి. స్పామ్ భయంతో చాలా ఇంటర్నెట్ కంపెనీలు 25ను బ్లాక్ చేస్తాయి.

మాటలు వెళ్లి ఫొటోలు వెళ్లకపోతే ఒక చిన్న ఫొటో పంపి చూడండి. అది వెళ్తే సైజే సమస్య. సగంలో ఆగి టైమ్‌ఔట్ అంటే అప్‌లోడ్ స్పీడ్ చూసుకోండి. 30 ఎంబీ మెయిల్‌కు 1 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌లో నాలుగు నిమిషాలు పడుతుంది. యాంటీవైరస్ బయటికి వెళ్లే మెయిల్స్‌ను స్కాన్ చేస్తుంటే ఆ ఒక్క ఆప్షన్ కాసేపు ఆపి ట్రై చేయండి.

జిప్ చేస్తే తగ్గుతుందనే ఆశ వద్దు. జేపెగ్ ఫొటో అప్పటికే కంప్రెస్ అయి ఉంటుంది, జిప్‌లో తగ్గేది నామమాత్రం. అవుట్‌లుక్‌లో పెద్ద ఫొటోలను తగ్గించి పంపే ఆప్షన్ ఉంది, కానీ అది 1024×768కి దించేస్తుంది. అంటే ఒక మెగాపిక్సెల్ కూడా కాదు. పుట్టినరోజు ఫొటోలకు ఓకే. మెషీన్ మీద సీరియల్ నంబర్ కనపడాల్సిన ఫొటోకు మాత్రం వద్దు. అలాంటప్పుడు విడగొట్టి పంపడమే మేలు.

వాట్సాప్ సంగతి. మామూలుగా పెడితే ఫొటో క్వాలిటీ తగ్గుతుంది, ఎప్పుడు తీశామనే వివరాలు కూడా పోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఒరిజినల్ వెళ్తుంది. కానీ ఆఫీసు మెయిల్‌లోనే పంపమన్నప్పుడు ఆ రికార్డు అక్కడే ఉండాలి.

వెళ్లింది అంటే చేరింది అని కాదు

మామయ్య విషయానికొస్తే, మొదట నాలుగేసి ఫొటోలతో రెండు మెయిల్స్ పంపాం. ఈసారి సెంట్‌లోకి వచ్చాయి. హమ్మయ్య అనుకునేలోపు మెయిలర్ డీమన్ పేరుతో రెండూ వెనక్కి వచ్చాయి. వాళ్ల సర్వర్ లిమిట్ 10 ఎంబీ అట. మన గేటు దాటినా వాళ్ల గేటు వేరే కదా! చివరికి రెండేసి ఫొటోలతో నాలుగు మెయిల్స్, సబ్జెక్ట్‌లో క్లెయిమ్ నంబర్ వేసి 1/4, 2/4 అని రాసి పంపాం. ఫోన్ చేసి నాలుగూ వచ్చాయని అడిగి తెలుసుకున్నాం. గడువుకు ఇంకా ఒక్క రోజే ఉంది.

అందుకే ముఖ్యమైన ఫొటోలు పంపాక సెంట్ ఫోల్డర్ చూడండి, పది నిమిషాల తర్వాత ఇన్‌బాక్స్‌లో తిరిగొచ్చిన మెయిల్ ఉందేమో చూడండి, వీలైతే ఒక ఫోన్ కొట్టండి. ఐఫోన్ వాడేవాళ్లైతే ఫొటో హెచ్‌ఈఐసీ ఫార్మాట్‌లో ఉందేమో చూసి జేపెగ్‌గా మార్చి పంపండి. మెయిల్ చేరినా అవతలి పాత కంప్యూటర్‌లో తెరుచుకోకపోతే లాభం లేదు.

ఇంట్లో కంప్యూటర్ తెలిసినవాళ్లు మీరే అయితే ఈ వారం ఒక పని చేయండి. మీ నాన్నదో, బాబాయిదో, అత్తయ్యదో మెయిల్ ప్రోగ్రామ్ తెరిచి అవుట్‌బాక్స్ ఒకసారి చూడండి. పంపేశాం అనుకున్నది ఏదైనా అక్కడ ఇంకా కూర్చుని ఉండొచ్చు.